ఒంటరిగా ఒక్కరోజు: రాజమండ్రి ఒక్కటే చాలా, కాకినాడ కూడా కలపాలా?

ఒంటిబ్యాగు:
మొన్న శనివారం ఒక్కదాన్నే రాజమండ్రి, కాకినాడ చుట్టొచ్చాను. ఇలా వెళ్ళాలనుకునేవాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నా.

తెల్లవారకుండానే గౌతమి ఎక్స్‌ప్రెస్ రాజమండ్రిలో దించేసింది. ఆటోలో పుష్కర ఘాట్‌కి వెళ్ళి మెట్ల మీద గంటసేపు కూర్చున్నా. 1900లో మొదలై 1997లో రైళ్ళు ఆగిపోయిన హేవలాక్ వంతెన, దాని పక్కనే తెల్ల విల్లులు వరసగా పేర్చినట్టుండే ఆర్చి వంతెన. పాతదాని మీద ఒక్క పిట్ట కూడా కదలదు, కొత్తదాని మీద బండి తర్వాత బండి. మార్కండేయ స్వామి గుడి, పెసరట్టు ఉప్మా, అక్కణ్ణుంచి ధవళేశ్వరం. బ్యారేజీ, కాటన్ మ్యూజియం. మళ్ళీ ఊళ్ళోకొచ్చి దామెర్ల రామారావు చిత్రశాల. 28 ఏళ్ళు నిండకుండా పోయిన మనిషి అన్ని బొమ్మలు ఎప్పుడు వేశాడో! లోపల నేనూ, ఒక కాపలా ఆయనా, అంతే.

పన్నెండింటికి కాకినాడ బస్సు. రెండు దాటాక బుట్ట భోజనం (ఒక్కరికి అది చాలా ఎక్కువండి, సగం వదిలేసినందుకు వడ్డించేవాళ్ళే బాధపడ్డారు). తర్వాత పోర్టు చూద్దామని వెళ్తే కనబడింది గోడ, గేటు, బియ్యం లారీల వరస. పాసు లేనిదే లోపలికి వదలరు. వాకలపూడి బీచ్‌లో కాసేపు నిలబడి, రాత్రి గౌతమికే తిరిగొచ్చేశా.

నా తీర్పు: ఒక్కరోజే ఉంటే రాజమండ్రిలోనే ఉండండి. కాకినాడ కలపకండి.

గోదారిగట్టు:
తీర్పు సరైందే, కారణం తప్పండి. మీరు అసలు గోదారిని చూడలేదు.

కోప్పడకండి, చెప్తా. ఊరు తూర్పు గట్టున ఉంది. పొద్దున్న సూర్యుడు మన వీపు వెనక, ఇళ్ళ మీదుగా లేస్తాడు. నీళ్ళ మీద ఎర్రదనం ఉండదు. సాయంత్రం అలా కాదు, కొవ్వూరు వైపు నీళ్ళలోకే దిగుతాడు. ఆ వేళకి 1974 నాటి రోడ్డు-రైలు వంతెన మీద దీపాలు వెలుగుతాయి, ఘాట్‌లో హారతి మొదలవుతుంది. మీరు ఆ టైముకి ఎక్కడున్నారు? కాకినాడలో. పొద్దున్న చూడాల్సిన కోరంగి మడ అడవి వదిలేసి పొద్దున్న గోదారి చూశారు, సాయంత్రం చూడాల్సిన గోదారి వదిలేసి కాకినాడలో గోడ చూశారు. మొత్తం తిరగబడింది.

పక్కబెర్తు:
రోజ్‌మిల్క్ తాగారా లేదా? అది చెప్పండి ముందు.

జగన్నాథపురం:
నేను కాకినాడ పాత పోర్టులో సరుకు లెక్క రాసే పనిలో 31 ఏళ్ళు చేసి రిటైరయ్యానమ్మా. గోడ చూసొచ్చి ఊరు కలపకండి అంటే ఎలా? ఎవరింటికైనా వెళ్ళి వీధి తలుపు చూసి వెనక్కొచ్చి ‘వంట బాలేదు’ అంటామా?

పోర్టంటే బజారు కాదు, అక్కడ క్రేన్లు తిరుగుతాయి. ఎవరు పడితే వాళ్ళు లోపలికొస్తే కాళ్ళు మిగలవు. అయినా మా ఊళ్ళో గేటు దగ్గర ఆపడం కొత్తేం కాదు. 1923లో కాంగ్రెసు మహాసభలప్పుడు ఖద్దరు ప్రదర్శన దగ్గర టికెట్టు లేదని నెహ్రూ గారినే ఆపింది 14 ఏళ్ళ దుర్గాబాయి. ఆయన టికెట్టు కొనుక్కున్నాకే లోపలికెళ్ళారు. ఊరిని తిట్టలేదు.

గోదారిగట్టు:
దుర్గాబాయి పుట్టింది రాజమండ్రిలోనండి, ఆయ్.

జగన్నాథపురం:
పుట్టింది మీ దగ్గర, పెరిగింది మా దగ్గర. పెరగడమే లెక్క.

ఒంటిబ్యాగు:
బాబాయిగారూ, ఊరు బాలేదని నేనెక్కడా అనలేదు. పోర్టు ఊరు అంటారు, బయటి మనిషి నిలబడి ఒక ఓడని చూసే చోటు ఒక్కటి లేదు, అదే నా బాధ. ధవళేశ్వరంలో ఆనకట్ట ఎలా కట్టారో చెప్పడానికి మ్యూజియం ఉంది, కాటన్ బొమ్మ ఉంది. కాకినాడలో ఆ పని ఎవరూ చేయలేదు. లారీ డ్రైవర్ని అడిగితే ‘లోపల నీళ్ళేనమ్మా’ అన్నాడు.

శామర్లకోట_జంక్షన్:
అసలు సమస్య అది కాదు. కాకినాడ మెయిన్ లైన్‌లో లేదు. నూరేళ్ళు దాటింది, చెన్నై నుంచి హౌరా వెళ్ళే బండ్లన్నీ మా సామర్లకోట మీదుగా అలా వెళ్ళిపోతాయి. కాకినాడకి పక్కకి తిరిగి ఒక కొమ్మ లైను. పిఠాపురం వైపు కలిపేస్తే అయిపోయేది, మా నాన్నగారి పెళ్ళప్పుడే అది వస్తుందన్నారు, మా అబ్బాయి పెళ్ళయింది, రాలేదు. మెయిన్ లైన్‌లో ఉంటే ఈవిడ పన్నెండింటికి బస్సు ఎక్కే పనేముంది?

దానికి తోడు 2022 ఏప్రిల్‌లో జిల్లా ముక్కలు చేశారు. ఇన్నేళ్ళు జిల్లా కేంద్రం కాకినాడ. పేరేమో రాజమండ్రి పట్టుకుపోయింది. ఇప్పుడు నాకు ఒక కాగితంలో తూర్పు గోదావరి, ఇంకో కాగితంలో కాకినాడ జిల్లా. ఒక ఆఫీసులో మూడుసార్లు తిప్పారు, ‘మీరిద్దరూ ఒకరేనా’ అని. నేనొక్కడినే అయ్యా, జిల్లాలే రెండయ్యాయి.

పక్కబెర్తు:
ఆవిడ టూరు గురించి కదా అడిగింది 🙂

గోదారిగట్టు:
గోదావరి ఒడ్డున ఉన్న ఊరికి గోదావరి పేరు రాకపోతే ఇంకెవరికొస్తుందండి? కాకినాడలో గోదారి ఎక్కడుంది?

లంకపొగాకు:
కాజా తాపేశ్వరందే. ఇంకెక్కడిదైనా ఒప్పుకోను.

జగన్నాథపురం:
మడత కాజా తాపేశ్వరం, గొట్టం కాజా కాకినాడ. రెండూ వేరు. కొరికితే పాకం పొరల్లోంచి కారేది అది, గొట్టంలోంచి చిమ్మేది ఇది. తెలియకపోతే ఊరుకోవాలి.

గోదారిగట్టు గారూ, కాకినాడలో గోదారి ఎక్కడుందని అడిగారు కదా. మా పోర్టు ముందు హోప్ ఐలాండ్ ఉంది, 16 కిలోమీటర్ల ఇసుక తిప్ప. సముద్రం కెరటం నేరుగా ఒడ్డుకి తగలకుండా ఆపేది అదే. అది ఎవరు వేశారనుకున్నారు? గోదారే. ఒండ్రు, ఇసుక తెచ్చి మేట వేసుకుంటూ వచ్చింది. ధవళేశ్వరంలో మొదలయ్యే కాకినాడ కాలవ కూడా గోదారి నీళ్ళే. ఆవిడ ఏడీబీ రోడ్డులో కాకుండా కెనాల్ రోడ్డు బస్సు ఎక్కుంటే ఆ నీళ్ళ పక్కనే వచ్చుండేది. కడియం నర్సరీలూ కనబడేవి.

గోదారిగట్టు:
అదే నేనూ అంటున్నా. మీ పోర్టుకి కాపలా కాసేది మా ఇసుకే.

జగన్నాథపురం:
ఇసుక కొట్టుకొచ్చాక ఎవరిదీ కాదు.

ఒంటిబ్యాగు:
ఏడీబీ రోడ్డులోనే వచ్చాను. కడియం కనబడలేదు. సరే, అది నా పొరపాటే. కానీ ఇందాకటి ప్రశ్నకి ఎవరూ జవాబు చెప్పలేదు. ఒక్కరోజులో ఒక మనిషి పోర్టుని ఎక్కడ చూడాలి?

జగన్నాథపురం:
చూడాలంటే ఎవరినైనా వెంటబెట్టుకు రావాలమ్మా. తెలిసినవాళ్ళుంటే పాసు సంగతి కనుక్కుంటారు, జెట్టీ వైపు తీసుకెళ్తారు. ఆడపిల్ల ఒంటరిగా సంచి తగిలించుకుని లారీల మధ్య నిలబడి పోర్టు చూస్తానంటే ఏం చూస్తుంది? తోడు లేకుండా రావడం ఎందుకు, వచ్చి ఊరు మూసుకుపోయిందనడం ఎందుకు? మా అమ్మాయైతే పంపను.

పక్కబెర్తు:
అయ్యో. ఇది అనకుండా ఉండాల్సింది.

ఒంటిబ్యాగు:
ఇక దాచుకోను. మీరు అన్నారు కాబట్టి చెప్తున్నా.

నాది ఒక్కరోజు ప్లాను కాదు. కాకినాడలో రాత్రి ఉండి, ఆదివారం పొద్దున్నే చొల్లంగి వెళ్ళి కోరంగి మడ అడవుల్లో చెక్క వంతెన మీద నడుద్దామనుకున్నా. ఒక లాడ్జీలో ఫోన్లో రూమ్ ఉందన్నారు. వెళ్ళాక కౌంటర్లో ఆయన నన్ను చూసి, నా వెనక్కి చూసి, ‘ఇంకెవరొస్తున్నారు’ అన్నాడు. ఎవరూ లేరంటే ‘సింగిల్ లేడీస్‌కి ఇవ్వం’ అన్నాడు. రెండో చోటా అంతే. అందుకే రాత్రి బండెక్కాను. పొద్దున్నుంచి రాజమండ్రిలో చిత్రశాల ఆయనతో సహా నలుగురు అడిగారు ‘ఒక్కరే వచ్చారా’ అని. అది కుతూహలం, నవ్వేశాను. అక్కడ అడిగింది అది కాదు. నేను ‘కాకినాడ కలపకండి’ అని రాసింది గోడ చూసి కాదు, ఆ కౌంటర్ చూసి.

ఇంకొకటి. పోర్టు పిచ్చి నాకు ఊరికే లేదు. మా అమ్మమ్మ వాళ్ళ నాన్న పెద్దాపురం దగ్గర పల్లె నుంచి కాకినాడలో ఓడెక్కి రంగం (బర్మాలోని రంగూన్) వెళ్ళాడు. అక్కడ మిల్లులో పని. 1942లో జపాన్ వాళ్ళు వచ్చినప్పుడు నడిచి వచ్చారు. బయల్దేరింది ఎనిమిదిమంది, ఇల్లు చేరింది అయిదుగురు. ఆయన ఓడెక్కిన చోట ఒక్కసారి నిలబడదామని అనుకున్నా. దానికి తోడెందుకండి నాకు?

శామర్లకోట_జంక్షన్:
మా పెదతాతగారు కూడా రంగం వెళ్ళారు. మెయిన్ లైన్ ఉంటే కలకత్తా మీదుగా వెళ్ళేవారేమో.

పక్కబెర్తు:
జంక్షన్ గారూ, ఈ ఒక్కసారికి వదిలేయండి.

జగన్నాథపురం:
(రాత్రి చదివి పొద్దున్న రాస్తున్నా)

తోడు మాట అనేశాను. మా అమ్మాయి చదివింది, నాతో మాట్లాడలేదు. సరే. లాడ్జీల సంగతి నాకు తెలియదు, నేనెప్పుడూ మా ఊళ్ళో గది అడగలేదు కదా.

మీ ముత్తాతగారి సంగతికొస్తే, మీరు తప్పు చోటికి వెళ్ళారమ్మా. మీరు గోడ చూసింది డీప్ వాటర్ పోర్టు దగ్గరయ్యుంటుంది. అది 1997లో వచ్చింది. ఆయన వెళ్ళిననాటికి అక్కడ ఓడ ఆగే జాగాయే లేదు. అప్పట్లో కాకినాడ ఒడ్డుకి పెద్ద ఓడ వచ్చేది కాదు, లోతు చాలదు. రంగం స్టీమరు దూరంగా సముద్రంలోనే లంగరు వేసి నిలబడేది. మనుషుల్నీ మూటల్నీ ఇక్కణ్ణుంచి పడవల్లో తీసుకెళ్ళి ఎక్కించేవారు. ఆ పడవలు బయల్దేరేది ఉప్పుటేరు నుంచి. అంటే మీ ముత్తాత ఓడెక్కింది సముద్రం మధ్యలో. నేల మీద ఆఖరి అడుగు వేసింది ఉప్పుటేరు గట్టున.

ఆ పని ఈనాటికీ అలాగే జరుగుతోంది. పాత పోర్టులో బియ్యం బస్తాలు బార్జీల్లోకి ఎక్కించి, బయట లంగరేసిన ఓడ దగ్గరికి తీసుకెళ్తారు. 31 ఏళ్ళు నేను రాసిన లెక్క ఆ బస్తాలదే. ఆ ఉప్పుటేరు మీదున్న జగన్నాథపురం వంతెన మీద నిలబడితే పాసు అక్కర్లేదు, టికెట్టు అక్కర్లేదు. కింద బోట్లు కనబడతాయి. చేపల వాసన ఉంటుంది, ముందే చెప్తున్నా. దాన్ని ‘చూసే చోటు’ అని ఎవరికీ చెప్పాలనిపించలేదు నాకు, రోజూ దాటేది కదా.

మన వాళ్ళని బర్మాలో ‘కోరంగీలు’ అనేవారు, ఎందుకో తెలుసుగా? కాకినాడ కంటే ముందు ఓడలు కట్టింది, జనాన్ని ఎక్కించింది కోరంగి. 1839 తుఫానుకి ఆ రేవు పోయింది, పేరు మాత్రం సముద్రం దాటి అక్కడ ఉండిపోయింది.

గోదారిగట్టు:
బాగా చెప్పారు. అయినా సాయంత్రం మాత్రం పుష్కర ఘాట్‌లోనే ఉండాలి. ఆ మాట మీద నేను కదలను. పొద్దున్న మొదట కాకినాడలో దిగి, మధ్యాహ్నానికి రాజమండ్రి రమ్మనండి. గౌతమి ఎలాగూ కాకినాడ దాకా వెళ్తుంది కదా, పడుకునే వెళ్ళొచ్చు.

లంకపొగాకు:
దారిలో తాపేశ్వరం దిగొచ్చు.

ఒంటిబ్యాగు:
గోదారిగట్టు గారూ, ఈ తడవ అలాగే చేస్తా. పై తీర్పు మాత్రం ఇప్పుడే మార్చను. ఆ కౌంటర్ అక్కడే ఉంది.

జగన్నాథపురం గారూ, ఒక్క మాట. వంతెనకి ఏ పక్కన ఎక్కించేవారు? సముద్రం వైపా, ఊరి వైపా?

జగన్నాథపురం:
అది మా అమ్మకి తెలియాలి, ఆవిడకి 91. చెవి సరిగ్గా వినబడదు. సాయంత్రం గట్టిగా అడిగి చూస్తా.