ఫ్యూజో దుంపలు చిటికెన వేలంతే ఊరాయి, పీకెయ్యమంటారా?

పెరటిపిచ్చి:
జెరూసలేం ఆర్టిచోక్ అనే తినే దుంప పెంచినవాళ్లుంటే కాస్త చెప్పండి. తెలిసినావిడ దగ్గర ఫ్యూజో రకం దుంపలు 5 తెచ్చుకున్నాను. వాళ్లత్తగారి కాలం నుంచీ ఏటా ఆ దుంపల్లోంచే కొన్ని తీసి మళ్లీ నాటుకుంటున్నారట. చలి తగ్గగానే అరజానెడు లోతున, మూరెడు ఎడంతో నాటాను. ఇప్పుడు ఒక్కోటి 8 అడుగులు దాటింది. చిట్టి పొద్దుతిరుగుడు పూల్లాంటివి పూస్తున్నాయి, చూడ్డానికి బాగానే ఉంది.

మొన్న గాలికి ఒక మొక్క వేళ్లతో సహా ఒరిగిపోయింది. ఎలాగూ పడింది కదా అని తవ్వి చూస్తే నా చిటికెన వేలంత దుంపలు ఏడో ఎనిమిదో. ఇన్ని నెలలు నీళ్లు మోసింది దీనికా? మిగతా నాలుగూ పీకేసి ఇంకేదైనా వేసుకోమంటారా? పైగా ఇది పెరడంతా ఆక్రమిస్తుందని మా వారు ఎక్కడో చదివారు. రోజూ అదే పాట, అదో టెన్షన్.

గునపం:
పీకకమ్మా, గునపం లోపల పెట్టెయ్యి. పదకొండేళ్లుగా ఇదే రకం వేస్తున్నాను, మొదటి ఏడు నేనూ నీలాగే కంగారుపడ్డాను.

ఈ మొక్క ఎండాకాలమంతా తయారుచేసిన సరుకులో చాలా భాగం కాండంలోనే దాచుకుంటుంది. పగళ్లు పొట్టివయ్యేకొద్దీ, ఆకులు పండి కాండం ఎండేకొద్దీ అది కిందికి దిగుతుంది. దుంప ఊరేది అప్పుడే. పూలున్నప్పుడు తవ్వితే చిటికెన వేలే దొరుకుతుంది మరి. నేను అప్పట్లో పెరడు అడవిలా ఉందని పచ్చటి కాండాలను నడుము ఎత్తుకు నరికేశాను. రెండు పిడికిళ్ల దుంపలొచ్చాయి, అంతే. కాండం పూర్తిగా ఎండిపోయాక ఇంకో రెండు వారాలు ఆగి తవ్వు.

గాలికి పడకుండా ఇప్పుడు మొక్కల మొదళ్ల దగ్గర మట్టి ఎగదోసి, నాలుగింటినీ కలిపి కర్రకు కట్టు. వచ్చే ఏడు మొగ్గ తొడగకముందే 5 అడుగుల దగ్గర తల తుంచెయ్యి.

ఫ్యూజో అంటే ఫ్రెంచిలో కదురు. పేరుకు తగ్గట్టే పొడుగ్గా, నున్నగా ఉంటుంది. వేరే రకాలు కొన్ని అల్లం కొమ్ముల్లా బొడిపెలతో వస్తాయి, కడగలేక చేతులు పోతాయి. పాత రకాన్ని నిలుపుకోవాలంటే దుంపతోనే నిలుపుకోవాలి, గింజ వేస్తే తల్లిలాంటి మొక్క రాదు. తవ్విన రోజే నున్నటి దుంపలు ఏరి నాటడానికి పక్కన పెట్టుకో. పెద్దవన్నీ వండేసుకుని వంకరవి నాటేవాళ్లను చూశాను, నాకు నచ్చని పని అది. ఇంకో రకం దగ్గర్లో వెయ్యకు. నేను పక్కనే ఒక ఎర్ర రకం వేశాను. మట్టిలో మిగిలిన ముక్కలు మళ్లీ మొలిచి రెండూ కలగలిసిపోయాయి, ఏది ఏదో తేల్చుకోడానికి మూడేళ్లు పట్టింది.

ఈ పేరు చూసి జెరూసలేం వైపు చూడకు. ఇది ఉత్తర అమెరికా మొక్క, పొద్దుతిరుగుడుకు చుట్టం. అక్కడి మూలవాసులు పెంచుతుంటే 1605లో షాంప్లేన్ అనే ఫ్రెంచి నావికుడు చూసి, రుచి ఆర్టిచోక్ అనే పూమొగ్గ కూరలా ఉందని రాశాడు. పేరులో సగం అలా అంటుకుంది.

మట్టిచేతులు:
మీ వారి మాట కొట్టెయ్యకండి. వేలి గోరంత ముక్క మట్టిలో ఉండిపోయినా మళ్లీ మొలుస్తుంది. మేము తవ్వేశాం కదా అని ఆ మడిలో దున్నే మిషన్ తిప్పించాం. మిగిలిన దుంపలన్నీ ముక్కలై, మరుసటేడు ఎక్కడ చూసినా ఇవే మొలకలు. మూల మడి ఒకటి దీనికే వదిలేయండి, లేదా అడుగున్నర లోతున్న పెద్ద తొట్టిలో వేయండి. కొత్త మొలకలు జానెడు ఎత్తులో ఉండగానే దుంపతో సహా లాగేస్తే రెండేళ్లలో అదుపులోకి వస్తాయి. పై నుంచి కోస్తే లాభం లేదు.

గునపం:
దున్నే మిషన్ సంగతి నూటికి నూరుపాళ్లు నిజం.

ఆకుకొస:
తినడం గురించి ఎవరూ చెప్పలేదే! మొదటిసారి నాలుగు ముక్కలకు మించి తినకండి. ఇందులో ఎక్కువగా ఉండేది స్టార్చ్ కాదు, ఇన్యులిన్ అనే పీచు. అది మనకు అరగదు, పెద్దపేగులోని సూక్ష్మజీవులు దాన్ని పులియబెడితే గ్యాస్ వస్తుంది. నేను రుచిగా ఉందని పెద్ద గిన్నెడు లాగించి ఆ రాత్రి ఇంట్లోవాళ్లందరికీ మొహం చాటేశాను. నిమ్మరసం పిండిన నీళ్లలో ఉడికించాక నాకు చాలా నయం. తోలు పల్చన కాబట్టి బయట ఉంచితే నాలుగు రోజుల్లో వడిలిపోతాయి. మట్టిలోనే ఉంచి కావలసినప్పుడల్లా తవ్వుకోండి, లేదా తడి ఇసుకలో దాచండి. ఎలుకలు తిరిగే చోటైతే మట్టిలో వదలకండి, మీకంటే ముందు అవే తవ్వుకుంటాయి.

పెరటిపిచ్చి:
ఆలస్యంగా రాస్తున్నా, ఏమీ అనుకోకండి. కాండాలు కర్రల్లా ఎండాక నిన్న ఒక మొక్క మాత్రం తవ్వాను. బకెట్ సగం నిండింది! నిజంగా కదురులాగే ఉన్నాయి, కొన్ని నా అరచేతికంటే పొడుగు. గునపం గారూ, నున్నటివి 6 ఏరి తడి ఇసుకలో పెట్టాను. మిగతా మూడు మొక్కలు మట్టిలోనే ఉన్నాయి. మా వారు మాత్రం తవ్విన గుంటలో కూర్చుని మట్టి జల్లెడ పడుతున్నారు, ఇప్పటికి గోరంత ముక్కలు 11 దొరికాయట.