ఇసుక నేలలో ఏ పచ్చని కంచె నిలుస్తుంది?

శ్రీకాకుళం జిల్లా సోంపేట దగ్గర, ఉప్పుగాలి తగిలే ఇసుక నేలలో మా ఇల్లు ఉంది. 2018లో తిత్లీ తుఫానుకు కూలిన ప్రహరీ స్థానంలో, 60 అడుగుల మేర, ఏడాది పొడవునా పచ్చగా ఉండే కంచె మొక్కలు వేయాలనుకుంటున్నాను. ఇదివరకు పెట్టిన మందారాలకు పిండినల్లి పట్టి, చిగుళ్లు దూదిలో ముంచినట్టు తెల్లబడి ముడుచుకుపోయాయి. వేపనూనె కొట్టి కొట్టి విసిగి, చివరకు పీకించేశాను. నర్సరీవారు కామిని మంచిదంటున్నారు గాని, నిమ్మజాతి చెట్లకు తెగులు మోసుకొచ్చే సిల్లా పురుగుకు అదీ ఆశ్రయమే కనుక, పెరట్లో రెండు నిమ్మచెట్లున్న నాకు ధైర్యం చాలడం లేదు. కోనోకార్పస్ మాట దయచేసి ఎత్తవద్దు. ఇక మిగిలింది వాక్కాయ. తీరప్రాంతంలో దానిని కంచెగా పెంచినవారు, మొక్కకూ మొక్కకూ ఎంత ఎడం ఉంచారో, మొదళ్ల దగ్గర పలచబడకుండా ఎలా కత్తిరించారో తెలుపగలరు.