చర్చ: సైకిల్ పుస్తకాలు చదివితే తొక్కే ఊపు వస్తుందా, బరువు తగ్గుతుందా?

పెడల్_కొత్త: బరువు 92 కిలోలు. గేర్ల హైబ్రిడ్ సైకిల్ ఉంది, పొద్దున్నే లేవాలంటేనే బద్ధకం. సైకిల్ పుస్తకాలు చదవమంటున్నారు. ఎలాంటివి చదవాలి, ఎలా?

చైన్_ఆయిల్: రేసు పుస్తకాలతో మొదలెట్టకండి. టూర్ డి ఫ్రాన్స్ అనే పెద్ద సైకిల్ రేసులో మూడు వారాలకు 21 స్టేజీలు, అంటే రోజుకో అంచె. కొండల రోజున ఆ రేసర్లు 5,000 కేలరీలు దాటి తింటారు. అది చూసి మనమూ జేబు నిండా ఖర్జూరాలు కుక్కుకుని 12 కిలోమీటర్లు తొక్కితే బరువు పెరగడమే. యాత్రల పుస్తకాలు మేలు. ఐరిష్ రచయిత్రి డెర్వ్లా మర్ఫీ ‘ఫుల్ టిల్ట్’ చూడండి. 1963లో ఐర్లండ్ నుంచి ఢిల్లీకి ఒంటరిగా తొక్కింది. ఆసియా రోడ్లకు గేర్లు తట్టుకోవని బయల్దేరకముందే తీయించేసింది. అది చదివాక ‘మంచి సైకిల్ కొన్నాక చూద్దాం’ అనే సాకు నోట రాదు.

టైరు_గాలి: కిటుకంతా ఎక్కడ ఆపుతామన్నదాంట్లో ఉంది. రాత్రి 20 నిమిషాలు చదివి రసపట్టులో మూసేయండి, మిగతాది తొక్కొచ్చాకే. పడుకునేముందే గాలి కొట్టి, సీసాలో నీళ్లు నింపి, హెల్మెట్ హ్యాండిల్‌కి తగిలించండి. 35 ఎంఎం వెడల్పు టైరుకి మీ బరువుతో వెనక 65 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత), ముందు 58 దాకా చాలు. టైరు పక్కన రాసిన గరిష్ఠం దాటొద్దు. గాలి తక్కువైతే గుంతలో రిమ్ము ట్యూబుని నొక్కేస్తుంది. పక్కపక్కనే రెండు సన్నటి చిల్లులు కనిపిస్తే కారణం అదే, మేకు కాదు.

పెసరట్టు_లెక్క: పుస్తకం సీటెక్కిస్తుంది, బరువు తగ్గించేది వంటిల్లే. గంటకి 17 కిలోమీటర్ల వేగంతో ముప్పావుగంట తొక్కితే మీకు 400-450 కేలరీలు ఖర్చు. తిరుగుదారిలో ప్లేటు పూరీ, ఒక టీ పడితే లెక్క సరి! కిలో కొవ్వుకి దాదాపు 7,700 కేలరీలు. మొదటి వారం కాటా చూపించే తగ్గుదలలో నీరే ఎక్కువ, మురిసిపోకండి. వారానికోసారి, ఒకే రోజు, పరగడుపున తూగితే చాలు.

సీటు_ఎత్తు: మోకాలు పట్టేస్తే ఏ పుస్తకమూ లేపలేదు బ్రో. పెడల్ అట్టడుగున ఉన్నప్పుడు మడమ ఆనిస్తే కాలు నిటారుగా రావాలి. మునివేళ్ల కింది భాగంతో తొక్కేటప్పుడు కొద్దిగా వంగుతుంది. మోకాలి ముందు నొప్పైతే చాలావరకు సీటు కిందికున్నట్టు, వెనకైతే పైకున్నట్టు. 5 మిల్లీమీటర్ల చొప్పునే మార్చండి. బరువు గేరులో నెట్టుకురావడమూ ముందు నొప్పికి కారణమే. పెడల్ నిమిషానికి 75-85 చుట్లు తిరిగే తేలిక గేరు చాలు.

పెడల్_కొత్త: ఆడియో పుస్తకం వింటూ తొక్కొచ్చా?

టైరు_గాలి: రోడ్డు మీద వద్దు, వెనక లారీ హారన్ వినపడాలి. వానాకాలం ఇంట్లో ట్రైనర్ (సైకిల్‌ని బిగించి ఉన్నచోటే తొక్కే స్టాండు) మీదైతే హాయిగా వినండి. ఫ్యాను ఎదురుగా పెట్టండి, హ్యాండిల్ మీద తువ్వాలు వేయండి. చెమట ఉప్పుకి హెడ్‌సెట్ (హ్యాండిల్ తిరిగే చోటి బేరింగులు) బోల్టులు తుప్పు పడతాయి.