‘ప్యూనీ జడ్జి’ని తెలుగులో ఏమనాలి?

ప్రశ్న: కెనడాలోని బ్రిటిష్ కొలంబియాకు మొదటి ప్రీమియర్ జాన్ ఫాస్టర్ మెక్‌క్రైట్. 1880లో అక్కడి సుప్రీం కోర్టుకు ‘ప్యూస్నే జడ్జి’ అయ్యాడు. ‘ప్రధానమంత్రిగా చేసి, తర్వాత సుప్రీం కోర్టు జూనియర్ జడ్జి అయ్యాడు’ అని రాయవచ్చా?

జవాబు: మూడు మాటల దగ్గరా కాలు జారిందండీ. ముందు ఉచ్చారణ: మధ్యలో ‘స’ పలకదు, ‘ప్యూనీ’ అనాలి. పాత ఫ్రెంచిలో ‘తర్వాత పుట్టిన’ అని అర్థం. బక్కప్రాణి అనే అర్థంలో ఇంగ్లిష్‌లో వాడే ‘ప్యూనీ’ కూడా ఇదే మాట, స్పెల్లింగు మారిందంతే! కోర్టులో మాత్రం చిన్నతనమేమీ లేదు. ప్రధాన న్యాయమూర్తి కాక ఆ బెంచిలో ఉన్నవాళ్లంతా ప్యూనీలే, మన హైకోర్టుల్లోనూ అంతే. ‘జూనియర్ జడ్జి’ అంటే మనవాళ్లకు జూనియర్ సివిల్ జడ్జి, అంటే కింది కోర్టు గుర్తొస్తుంది. ఉత్త ‘న్యాయమూర్తి’ చాలు. అప్పటి ప్రధాన న్యాయమూర్తి బెగ్‌బీ అని ఒక ముక్క కలిపితే అనుమానానికి తావుండదు.

మరొకరు: అంతకన్నా పెద్ద చిక్కు సుప్రీం కోర్టుతో. ఇది ఆ రాష్ట్రపు కోర్టు. కెనడా సుప్రీం కోర్టు వేరు, 1875లో ఏర్పడింది. విడమరచకపోతే మెక్‌క్రైట్ దేశ రాజధాని ఒట్టావాలో కూర్చున్నాడనుకుంటారు. అలాగని ‘హైకోర్టు’ అనేయకండి, అసలు పేరు పోతుంది. ‘బ్రిటిష్ కొలంబియా రాష్ట్ర సుప్రీం కోర్టు’ అనండి.

ప్రశ్న వేసినవారు: ప్రధానమంత్రి ఎందుకు తప్పు? ప్రకాశం పంతులుగారు 1946లో మద్రాసుకు ప్రధానే కదండీ?

జవాబు: నిజమే, బ్రిటిష్ కాలపు 1935 భారత ప్రభుత్వ చట్టం కింద రాష్ట్రాల్లోనూ ఆ మాటే నడిచింది. అదే పంతులుగారు 1953లో ఆంధ్ర రాష్ట్రానికి ముఖ్యమంత్రి. మెక్‌క్రైట్ నాటికి ఒట్టావాలో మక్డొనాల్డ్ కెనడా ప్రధానిగా ఉన్నాడు కాబట్టి ఇద్దరికీ ఒకే మాట వాడితే గందరగోళం. రాష్ట్ర ప్రీమియర్‌ని ‘ముఖ్యమంత్రి’ అనండి. మెక్‌క్రైట్‌ని నియమించిన ట్రచ్ హోదా లెఫ్టినెంట్ గవర్నర్. అది చదివి ఢిల్లీ, పుదుచ్చేరిలాంటి కేంద్రపాలిత ప్రాంతమనుకునే ప్రమాదముంది. కెనడాలో రాష్ట్రాల గవర్నర్లందరి హోదా అదే, ‘గవర్నర్’ అంటే సరి.

మొత్తం ఇలా రాయవచ్చు: ‘1871 నవంబరులో బ్రిటిష్ కొలంబియా మొదటి ముఖ్యమంత్రి అయిన మెక్‌క్రైట్, 1872 డిసెంబరులో సభ విశ్వాసం కోల్పోయి దిగిపోయాడు. 1880 నుంచి 1897 దాకా ఆ రాష్ట్ర సుప్రీం కోర్టులో న్యాయమూర్తిగా ఉన్నాడు.’