కీ తిప్పితే సెల్ఫ్ తీసుకోదు: టెస్ట్ ల్యాంప్ వెలిగితే స్విచ్ బాగున్నట్టేనా?

హైవే_సాయి

కారు 2012 పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, మాన్యువల్ గేర్లు. పొద్దున్నే కీ తిప్పగానే స్టార్ట్ అవుతుంది, ఏ గొడవా లేదు. హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్తూ సూర్యాపేటలో టీకి ఆపి మళ్ళీ కీ తిప్పితే సెల్ఫ్ తీసుకోదు. ఒక్కోసారి టక్‌మంటుంది, ఒక్కోసారి అదీ ఉండదు. హారన్, హెడ్‌లైట్లు, డాష్‌బోర్డు లైట్లు అన్నీ బ్రహ్మాండంగా ఉంటాయి. కీ ముందుకీ వెనక్కీ ఓ నాలుగైదు సార్లు ఆడిస్తే ఏమీ జరగనట్టు స్టార్ట్ అయిపోతుంది. బ్యాటరీ ఈ మధ్యే కొత్తది వేయించా.

ముగ్గురికి చూపిస్తే మూడు మాటలు చెప్పారు. ఒకాయన బానెట్ ఎత్తకుండానే లాక్ సెట్ మొత్తం మార్చాలన్నాడు. ఇంకొకాయన సెల్ఫ్ మోటార్ మీదికొచ్చే సన్న వైరుకి టెస్ట్ ల్యాంప్ పెట్టి నన్ను కీ తిప్పమన్నాడు, లైటు బాగా వెలిగింది, కాబట్టి స్విచ్, వైరింగ్ అన్నీ ఓకే, మోటారే పోయిందన్నాడు. మూడో ఆయన స్టీరింగ్ కింద పుష్ బటన్ పెట్టి డైరెక్ట్ చేసేస్తా, అరగంట పని అన్నాడు. ఎవరి మాట వినాలి?

వైరింగ్_బాబాయ్

రెండో ఆయన మాట విను. ఈ పనిలో నా జుట్టు తెల్లబడింది, నా చేతిలో ఉన్నది టెస్ట్ ల్యాంపే. లైటు వెలిగిందంటే అక్కడిదాకా కరెంటు వచ్చినట్టే. వేడెక్కాక మొరాయించే సెల్ఫ్ మోటార్లు నా దగ్గరికి బోలెడు వస్తాయి, సాలినాయిడ్ (మోటార్‌కి పెద్ద కరెంటు కలిపే అయస్కాంత స్విచ్) లోపల రాగి కాంటాక్టులు అరిగిపోయి ఉంటాయి. ఇప్పటి కుర్రాళ్ళు మీటర్ పట్టుకుని 12.4 వచ్చింది, 12.6 వచ్చింది అంటారు, ఒకే ఒక్క పోగు మీద వేలాడే వైరుకి కూడా మీటర్ 12 చూపిస్తుందని వాళ్ళకి ఎవరూ చెప్పరు.

ఓమ్స్‌లా_ఓబులేశు

బాబాయ్, చివరి వాక్యంతో నూటికి నూరు పాళ్ళు ఏకీభవిస్తా. డిజిటల్ మీటర్ లోపలి రెసిస్టెన్స్ సాధారణంగా 10 మెగా ఓమ్స్, అది లాగేది మైక్రో ఆంపియర్ చుట్టుపక్కల. అంత తక్కువ కరెంటుకి చిలుము పట్టిన టెర్మినల్ అయినా దారిస్తుంది. కానీ అదే లెక్క మీ ల్యాంపుకి కూడా వేయండి. 5 వాట్ల బల్బు లాగేది 0.4 ఆంపియర్. సాయి గారి స్విచ్ లోపల కాంటాక్టు కాలిపోయి అర ఓమ్ రెసిస్టెన్స్ పుట్టిందనుకోండి, 0.4 ఆంపియర్ల దగ్గర పోయేది 0.2 వోల్టులు, బల్బు ధగధగా వెలుగుతుంది. అదే దారిలో 20 ఆంపియర్లు లాగే సాలినాయిడ్ కాయిల్ ఉందనుకోండి, దాని సొంత రెసిస్టెన్సే 0.6 ఓమ్, దానికి ముందు ఈ అర ఓమ్ తోడైతే కాయిల్ దాకా చేరేది ఇంచుమించు సగం వోల్టేజే. ఖాళీ బస్సు శ్రీశైలం ఘాట్ ఎక్కింది కాబట్టి నిండా జనంతో కూడా ఎక్కుతుందనడం లాంటిది ఈ ల్యాంప్ పరీక్ష.

అందుకని సాయి గారూ, మోటార్ ఇప్పించకండి, లాక్ సెట్ కొనకండి. ముందు వోల్టేజ్ డ్రాప్ కొలవండి. బండి న్యూట్రల్‌లో పెట్టి హ్యాండ్‌బ్రేక్ లాగండి, ఇంజిన్ ఉన్నట్టుండి స్టార్ట్ కావచ్చు కాబట్టి మీటర్ వైర్లు ఫ్యాన్‌కీ బెల్టుకీ దూరంగా ఉంచండి. మీటర్ ఎర్ర ప్రోబ్ బ్యాటరీ ప్లస్ మీద, నల్ల ప్రోబ్ సాలినాయిడ్ సన్న వైరు టెర్మినల్ మీద. ఆ వైరు పీకకూడదు, తగిలే ఉండాలి, అదే ముఖ్యం. ఇంకొకరిని కీ స్టార్ట్‌లో పట్టుకోమనండి. మీటర్ చూపించేది దారిలో పోయిన వోల్టేజ్. అర వోల్టు లోపుంటే దారి బాగున్నట్టు, అప్పుడు మోటార్ మీదో ఎర్త్ మీదో అనుమానపడొచ్చు. రెండు మూడు వోల్టులుంటే దారిలో ఎక్కడో తినేస్తోంది. మొత్తం 12 చూపిస్తే దారి పూర్తిగా తెగింది. బండి సతాయించే సమయంలోనే, అంటే వేడి మీదే కొలవాలి, చల్లగా ఉన్నప్పుడు కొలిస్తే అన్నీ మంచివే.

వైరింగ్_బాబాయ్

5 వాట్ల బల్బు ఎవరు వాడమన్నారయ్యా? నాది ఇండికేటర్ బల్బు, 21 వాట్లు.

ఓమ్స్‌లా_ఓబులేశు

అదే అర ఓముకి 21 వాట్ల బల్బు దగ్గర పోయేది 0.8 వోల్టులు. ఆ తేడా ఎండలో నిలబడి కంటితో పసిగట్టగలరా? 55 వాట్ల హెడ్‌లైట్ బల్బు పెడితే రెండు వోల్టుల దాకా పోతుంది, అప్పుడు కాస్త మసకబారినట్టు కనిపిస్తుంది. ఆ బల్బు పెట్టి, దాని రెండు చివర్లా మీటర్ కూడా పెడితే నాకు అభ్యంతరం లేదు, అది మంచి పద్ధతే. మీతో నా గొడవ కంటితో తీర్పు చెప్పడం గురించే.

ఇంకోటి. 2012 బండిలో స్టీరింగ్ కాలమ్ దగ్గర బల్బు పట్టుకుని కనిపించిన వైరల్లా గుచ్చడం ప్రమాదం. పసుపు కప్లర్లు ఎయిర్‌బ్యాగ్‌వి, వాటి జోలికి అసలు పోకూడదు. సెన్సార్లకి ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) ఇచ్చే 5 వోల్టుల లైను మీద బల్బు లోడు పడితే ఈసీయూకే ఎసరు.

రెండుచక్రాలు

మీ కార్ల గొడవలో బైకు వాళ్ళని మర్చిపోకండి, ఇది చదివి ఎవరో ఒకరు 100 సీసీ బండికి కూడా మీటర్ పట్టుకుని 12 వోల్టుల కోసం వెతుకుతారు. పాత ఏసీ సీడీఐ (సీడీఐ అంటే స్పార్క్‌ని నడిపే ఎలక్ట్రానిక్ పెట్టె) బళ్ళలో కీ స్విచ్ పని తలకిందులుగా ఉంటుంది. కీ ఆఫ్‌లో ఉంటే సీడీఐ వైరుని ఎర్త్‌కి కలుపుతుంది, ఆన్ చేస్తే విడదీస్తుంది, అంతే. స్పార్క్‌కి బ్యాటరీతో పని లేదు, అందుకే బ్యాటరీ చచ్చినా కిక్కు కొడితే స్టార్ట్ అవుతాయి. వాటర్ వాష్ చేయించాక స్పార్క్ రావట్లేదంటే స్విచ్ నుంచి సీడీఐకి వెళ్ళే ఆ ఎర్తింగ్ వైరు కప్లర్ పీకి కిక్కు కొట్టండి. స్పార్క్ వచ్చిందా, స్విచ్‌లోనో హార్నెస్‌లోనో (వైర్ల కట్ట) నీళ్ళు చేరి షార్ట్ అవుతోంది. రాలేదా, స్విచ్ జోలికి పోకండి, సీడీఐ, పికప్ కాయిల్, ఇగ్నిషన్ కాయిల్ వైపు చూడండి. డీసీ సీడీఐ బళ్ళకీ, 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్ 6 ఇంజెక్షన్ బళ్ళకీ ఈ చిట్కా పనికిరాదు, వాటికి కీ దారినే 12 వోల్టులు అందాలి.

డెట్రాయిట్_తెలుగోడు

ఓబులేశు బ్రో లెక్కలు బాగున్నాయి కానీ మీటర్‌కి దొరకని స్విచ్ జబ్బు కూడా ఉంటుంది. 2014లో ఇక్కడ జనరల్ మోటార్స్ కోబాల్ట్ లాంటి చిన్న కార్లు దాదాపు 26 లక్షలు రీకాల్ చేసింది. కీని రన్ స్థానంలో పట్టి ఉంచే పట్టు బలహీనం. బరువైన కీ గుత్తి వేలాడినా, మోకాలు తగిలినా, గతుకులో పడినా కీ జారి యాక్సెసరీకి వచ్చేసేది. ఇంజిన్ ఆగిపోయి, పవర్ స్టీరింగ్ పోయి, ఢీకొన్నప్పుడు ఎయిర్‌బ్యాగ్ కూడా తెరుచుకునేది కాదు. ఆ స్విచ్ వల్ల పోయిన ప్రాణాలు 124 అని పరిహార నిధి లెక్క తేల్చింది. నిలబెట్టిన బండి మీద ఏ డ్రాప్ కొలిచినా అది బయటపడదు, ఎందుకంటే కాంటాక్టులు బాగానే ఉన్నాయి. రీకాల్‌కి చాలా ముందే, 2006లో, స్విచ్ డిజైన్ మార్చారు గానీ పార్ట్ నంబర్ మార్చలేదు, దాంతో కొత్త బళ్ళలో సమస్య ఎందుకు లేదో చాలాకాలం ఎవరికీ అంతుబట్టలేదు.

సాయి గారు కీ ఆడిస్తే పని చేస్తోందన్నారు కదా, నా ఓటు స్విచ్‌కే. కొలతల కోసం రెండు వారాలు కూర్చునే బదులు మార్చేయండి.

ఓమ్స్‌లా_ఓబులేశు

కీ గుత్తి తేలిగ్గా ఉంచుకోమనడం వరకు సరే. కానీ సాయి గారి బండి నడుస్తూ ఆగిపోవడం లేదు, స్టార్ట్ దగ్గరే మొరాయిస్తోంది. అవి వేరు వేరు కాంటాక్టులు. క్రాంక్ చేసినంతసేపూ ఇంజిన్ అందుకుని, కీ వదలగానే ఆగిపోతే ఆన్ కాంటాక్టు మీద అనుమానపడాలి. స్పీడ్ బ్రేకర్ మీద కుదుపుకి ఇంజిన్ దగ్గినా అదే. ఇక కీ ఆడిస్తే పని చేస్తోందన్నంత మాత్రాన స్విచ్చే దోషి అనలేం, సాలినాయిడ్ కూడా నాలుగైదు సార్లు కొట్టాక కదులుతుంది. రాగి వేడెక్కితే డిగ్రీకి 0.4 శాతం చొప్పున రెసిస్టెన్స్ పెరుగుతుంది, అరవై డిగ్రీలు పెరిగిన కాయిల్ ఐదో వంతు బలహీనపడినట్టే లెక్క. అంటే లోపం స్విచ్‌లో ఉన్నా మోటార్‌లో ఉన్నా బయటికి కనిపించే లక్షణం ఒక్కటే. కొలవకుండా చెప్పేదంతా జోస్యమే. అయినా రెండు వారాలేంటి బ్రో, పది నిమిషాల పని.

హైవే_సాయి

నిన్న మా బావమరిదిని కీ దగ్గర కూర్చోబెట్టి కొలిచాను. చల్లగా ఉన్నప్పుడు బ్యాటరీ ప్లస్ నుంచి సాలినాయిడ్ దాకా 1.6. ఊరంతా తిప్పి వేడి మీద, టక్ కూడా రానప్పుడు కొలిస్తే 4.1. తర్వాత స్విచ్ వెనక కప్లర్ దగ్గర లోపలికొచ్చే వైరుకీ స్టార్ట్ వైరుకీ మధ్య పెడితే 3.4 వచ్చింది. మిగతాది దారంతా కలిపి 0.7. బ్యాటరీ మైనస్ నుంచి మోటార్ బాడీకి, తిరుగుతున్నప్పుడు, 0.15.

వైరింగ్_బాబాయ్

ఎర్త్ బాగుంది. సరే, 3.4 అంటే స్విచ్చే, ఒప్పుకుంటున్నా. అయితే కొనడం దేనికి? ఆ కాంటాక్టు బ్లాక్ విప్పి ఎమ్రీ పేపర్‌తో రుద్ది కొంచెం గ్రీజు పెడితే ఇంకో రెండేళ్ళు లాగుతుంది. ఊళ్ళల్లో అందరూ లాక్ సెట్లు కొనుక్కునే స్థితిలో ఉండరు.

ఓమ్స్‌లా_ఓబులేశు

లాక్ సెట్ కొనమని నేనూ అనట్లేదు బాబాయ్. కీ దూరే లాక్ వేరు, దాని వెనక ఉండే కాంటాక్టు బ్లాక్ వేరు. చాలా బళ్ళలో బ్లాక్ విడిగా దొరుకుతుంది, కీ మారదు, ఇమ్మొబిలైజర్ (వేరే కీతో స్టార్ట్ కానివ్వని ఏర్పాటు) ప్రోగ్రామింగ్ తలనొప్పీ ఉండదు. మొదటి మెకానిక్ చెప్పిన బిల్లుకీ దీనికీ పోలికే లేదు. ఎమ్రీ పేపర్ పెడితే కాంటాక్టు మీది పూత పోతుంది, తర్వాత ఇంకా తొందరగా కాలుతుంది. విప్పేముందు బ్యాటరీ మైనస్ తీసి కాసేపు ఆగాలి, ఎయిర్‌బ్యాగ్ పక్కనే ఉంటుంది.

కొత్త బ్లాక్ వేశాక ఒక రిలే (తక్కువ కరెంటుతో ఎక్కువ కరెంటుని కలిపే స్విచ్) కూడా పెట్టించమంటా. కీ నుంచి వచ్చే స్టార్ట్ వైరు రిలే 86 నంబరు పిన్‌కి, 85 ఎర్త్‌కి, 30కి బ్యాటరీ నుంచి ఫ్యూజు వేసిన వైరు, 87 నుంచి సాలినాయిడ్‌కి. రిలే కాయిల్ లాగేది 0.2 ఆంపియర్ లోపే, స్విచ్ మీద భారం పోతుంది.

వైరింగ్_బాబాయ్

రిలే పెడితే మరి పుష్ బటన్ పెట్టినవాడిని ఎందుకు తిట్టాలి? రెండూ కంపెనీ వైరింగ్ మార్చడమేగా. ఏదైనా తేడా వస్తే ఇన్సూరెన్స్ వాడు రిలే, బటన్ అని తేడా చూడడు.

ఓమ్స్‌లా_ఓబులేశు

ఇన్సూరెన్స్ మాట మీరన్నది నిజమే, దానికి నా దగ్గర జవాబు లేదు. మిగతాది మాత్రం తేడానే. రిలేకి ఆజ్ఞ కీ నుంచే వస్తుంది, దారిలో క్లచ్ స్విచ్ (క్లచ్ తొక్కితేనే స్టార్ట్ కానిచ్చేది) ఉంటే దాన్ని దాటే వస్తుంది. బటన్ వీటన్నిటినీ పక్కన పెట్టి బ్యాటరీ నుంచి నేరుగా లాగుతుంది, చాలాసార్లు ఫ్యూజ్ కూడా ఉండదు. గేర్‌లో ఉన్న కారులో పిల్లాడు ఆ బటన్ నొక్కితే బండి ముందుకి దూకుతుంది. ఇంజిన్ స్టార్ట్ అవ్వాలని కూడా లేదు, సెల్ఫ్ మోటార్ ఒక్కటే కారుని కదిలించగలదు.

డెట్రాయిట్_తెలుగోడు

నేను మొదటే స్విచ్ అన్నాను, గుర్తుంచుకోండి అందరూ :)

హైవే_సాయి

బ్లాక్ విడిగా ఆర్డర్ పెట్టా. రిలే సంగతి మా ఎలక్ట్రీషియన్ వద్దంటున్నాడు, బాబాయ్ గారి మాటే ఆయనదీ. ముందు బ్లాక్ ఒక్కటే వేసి వేడి మీద మళ్ళీ కొలుస్తా. అర వోల్టు లోపుంటే రిలే అక్కర్లేదనుకుంటున్నా, మిగిలిన 0.7 మాత్రం ఎక్కడ పోతోందో ఇంకా వెతకాలి.

రెండుచక్రాలు

క్లచ్ పెడల్ పైన చిన్న స్విచ్ ఉందేమో చూడండి, ముందు అక్కడ ప్రోబ్ పెట్టండి.