సోలార్ వేడినీళ్ల పైపు: సీపీవీసీ వేస్తే చుట్టాల్సిన పని లేదా?

కరీంనగర్_కొత్తిల్లు
అందరికీ నమస్తే. జీ ప్లస్ వన్ కడుతున్నాం. గోడలు లేచాయి, ప్లాస్టరింగ్ ఇంకా మొదలు కాలేదు. డాబా మీద 200 లీటర్ల గాజు ట్యూబుల సోలార్ పెడుతున్నాం. అక్కడి నుంచి కింది బాత్రూం దాకా పైపు దారి దాదాపు 15 మీటర్లు వస్తోంది. ప్లంబర్ ముప్పావు ఇంచీ సీపీవీసీ (వేడినీళ్లకు వాడే ప్లాస్టిక్ పైపు) అంటున్నాడు. "ఇది వేడిని బయటికి వదలదు సార్, దానికి ఫోమ్ చుట్టడం దండగ" అని అతని మాట. మా బావేమో కాపర్ వేయమని పట్టుబట్టాడు. అమ్మకు మోకాళ్ల నొప్పులు, తెల్లారకముందే స్నానం చేస్తుంది. చలికాలంలో చన్నీళ్లు పోయేదాకా నిలబడలేదు. ఈ వారంలోనే గోడకు గాడి కొట్టాలి. చుట్టాలా, వద్దా?

పైపుపని_గోదావరిఖని
మీ ప్లంబర్ చెప్పింది సరైనదే అన్నా. గోడలో పోయే సీపీవీసీకి నేనెప్పుడూ చుట్టను, ఇంతవరకు ఒక్క ఇంటివాళ్లూ అడగలేదు. డాబా మీద బయట కనిపించే ముక్కకు మాత్రం చుట్టండి. కాపర్ జోలికి పోవద్దు. దాన్ని శుభ్రంగా అతికేవాళ్లు మన దగ్గర ఏసీ మెకానిక్కులే, ఇంటి ప్లంబర్లలో తక్కువ. ఒకే ఒక్క మాట, ఐఎస్ 15778 మార్కు, ఎస్‌డీఆర్ 11 అని పైపు మీద అచ్చు ఉందో లేదో చూసి కొనండి. ఎస్‌డీఆర్ అంటే పైపు వ్యాసంలో గోడ మందం ఎన్నో వంతో చెప్పే అంకె, 13.5 అని ఉంటే అది పల్చది, వేడినీళ్ల లైనుకు వద్దు. తెల్ల యూపీవీసీ అయితే అసలు ముట్టుకోవద్దు, అది చన్నీళ్ల పైపు.

లెక్కల_మెకానికల్
పైన ఇద్దరు ప్లంబర్లదీ ఒకే మాట, "సీపీవీసీ వేడిని వదలదు" అని. నేను దీన్ని ఒప్పుకోను. సీపీవీసీ ఉష్ణ వాహకత, అంటే వేడిని దాటించే గుణం, సుమారు 0.14, రాగిది 400 దాకా. ఈ అంకెలు పక్కపక్కన పెట్టి చూస్తే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. కానీ పైపు గోడ మందం ఎంత? ముప్పావు ఇంచీలో 2 మిల్లీమీటర్లు. బయట గాలి తగిలే పైపులో వేడి పోవడాన్ని నిజంగా ఆపేది పైపు చుట్టూ ఉండే గాలి పొరే, ఆ 2 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ కాదు. లెక్క కడితే ఉత్త రాగి పైపు కన్నా ఉత్త సీపీవీసీలో నష్టం ఓ 13 శాతం మాత్రమే తక్కువ. అదే 9 మిల్లీమీటర్ల నైట్రైల్ (రబ్బరు) ఫోమ్ చుట్టండి, నష్టం సగానికి పైగా పడిపోతుంది.

గది 20 డిగ్రీల్లో ఉంది, పైపులో 60 డిగ్రీల నీళ్లు నిలిచాయి అనుకుందాం. అవి 40కి దిగడానికి ఉత్త సీపీవీసీలో 20 నుంచి 25 నిమిషాలు పడుతుంది. 9 ఎంఎం చుట్టిన దాంట్లో ముప్పావు గంట దాటుతుంది. అంటే ఒకరి తర్వాత ఒకరు స్నానానికి వెళ్లే ఇంట్లో ఈ తేడా బాగా తెలుస్తుంది.

కానీ అమ్మగారి సంగతి వేరండీ. రాత్రంతా నిలిచిన నీళ్లు, ఎంత ఫోమ్ చుట్టినా తెల్లారేసరికి చల్లారతాయి. అక్కడ చూడాల్సింది పైపులో ఎన్ని నీళ్లు నిలుస్తాయన్నది. ముప్పావు ఇంచీలో మీటరుకు పావు లీటరు పైనే. 15 మీటర్లకు దాదాపు 4 లీటర్లు. అర ఇంచీ వేస్తే మీటరుకు 0.12, మొత్తం 2 లీటర్ల లోపే. కాబట్టి కింది బాత్రూంకి విడిగా అర ఇంచీ లైను దింపండి. ఫోమ్ గురించి ఆ తర్వాత ఆలోచించవచ్చు.

పైపుపని_గోదావరిఖని
సార్, అర ఇంచీ వేస్తే షవర్ రాదు. సోలార్ నీళ్లు ట్యాంకు ఎత్తు మీదే దిగాలి, మోటారు తోసేది కాదు. తర్వాత వాళ్లు తిట్టేది నన్ను.

లెక్కల_మెకానికల్
పై అంతస్తుకు మీరన్నది నూటికి నూరుపాళ్లు నిజం. అక్కడ ఎత్తు రెండు మూడు మీటర్లే, ముప్పావు ఉండాల్సిందే. అక్కడ పైపు దారి కూడా చిన్నదే కాబట్టి నష్టం లేదు. కిందికి మాత్రం ఐదారు మీటర్లు ఉంటుంది. నిమిషానికి 6 లీటర్ల ధారకు 15 మీటర్ల అర ఇంచీ పైపు తినేది, ఎల్బోలతో కలిపి, మీటరున్నర. మిగతాది షవర్‌కు చాలు. పెద్ద రెయిన్ షవర్ పెడితే మాత్రం చాలదు.

ఆదిలాబాద్_చలి
బయటి ముక్క గురించి ఒక మాట. మాకు నల్ల ఫోమ్ చుట్టి వదిలేశారు. రెండో ఎండాకాలానికి పైన బూడిద రంగుకి తిరిగి, వేలితో రుద్దితే పొడి రాలేది. మిగిలింది కోతులు పీకేశాయి. ఇప్పుడు కొత్త ఫోమ్ మీద పల్చటి అల్యూమినియం రేకు తొడిగించాం. ఫోమ్ అమ్మేవాళ్లు ఈ రేకు సంగతి చెప్పరు, మీరే అడగండి. ఎండకు విడిగా ఉండే సీపీవీసీకైనా తెల్ల వాటర్ పెయింట్ వేయాలి.

ఫ్లాట్_బోడుప్పల్
ఇంత చర్చ ఎందుకో నాకర్థం కావడం లేదు. కింది బాత్రూంలో 15 లీటర్ల గీజర్ పెట్టేయండి. పైపు మీటరున్నర, ఇన్సులేషన్ అక్కర్లేదు, అమ్మగారు నిలబడక్కర్లేదు. నాలుగు లీటర్లు 30 డిగ్రీలు వేడెక్కించడానికి అయ్యే కరెంటు 0.14 యూనిట్. దాని కోసం ఫోమూ, రేకూ, గోడ నిండా గాడీనా?

లెక్కల_మెకానికల్
కరెంటు లెక్క సరే, నీళ్ల లెక్క చూడండి. ముప్పావు ఇంచీ సోలార్ పైపును చుట్టకుండా వదిలేస్తే, నలుగురున్న ఇంట్లో విడివిడిగా స్నానం చేసినప్పుడు రోజుకు 16 లీటర్లు ఊరికే డ్రైనేజీలోకి. బోరు ఎండి ట్యాంకర్ తెప్పించుకునే కాలనీలో అది తక్కువేం కాదు. పైగా ఎండ పుణ్యాన వేడెక్కిన నీళ్లు డాబా మీద ఉండగా కరెంటు ఎందుకు కాల్చాలి? అయినా అమ్మగారి బాత్రూంలో మబ్బు రోజుల కోసం చిన్న గీజర్‌కి పాయింట్ ఇప్పుడే వదలమని నేనూ చెప్తాను.

కరీంనగర్_కొత్తిల్లు
అందరికీ థాంక్స్. కిందికి విడిగా అర ఇంచీ, గీజర్ పాయింట్, రెండూ ఖాయం. బావకు ఈ లెక్కలు చూపిస్తే కాపర్ మాట వదిలేశాడు. ఒక్క చిక్కు మిగిలింది. బాత్రూం గోడ నాలుగించీలది. చుట్టిన పైపు అందులో పట్టదని ప్లంబర్ అంటున్నాడు.

పైపుపని_గోదావరిఖని
ఇక్కడ అతను చెప్పింది వినండి అన్నా. ముప్పావు పైపు 22 ఎంఎం, రెండు పక్కలా 9 ఎంఎం ఫోమ్, మొత్తం 40. దాని మీద ప్లాస్టరింగ్ నిలవాలంటే ఇంకొంచెం లోతు కావాలి. నాలుగించీల గోడలో అంత గాడి కొడితే ఇటుక మూడో వంతు పైన పోయినట్టే. అడ్డంగా కొట్టారంటే గోడ అక్కడే బీట ఇస్తుంది. చుట్టొద్దని నేననేది ఇందుకే, పని ఎగ్గొట్టడానికి కాదు.

లెక్కల_మెకానికల్
ఈ మాట నేను ఒప్పుకుంటాను. అయితే అర ఇంచీ పైపు 16 ఎంఎం. దానికి 6 ఎంఎం ఫోమ్ చుట్టినా 28కి మించదు. నిలువు గాడిలో అది దూరుతుంది. గోడలోకి ఫోమ్ కావాలనడానికి వేడి ఒక్కటే కారణం కాదు. 40 డిగ్రీలు వేడెక్కితే 3 మీటర్ల సీపీవీసీ దాదాపు 8 ఎంఎం సాగుతుంది. సిమెంటులో బిగించేస్తే ఆ ఒత్తిడి ఎల్బోల మీద పడుతుంది. ఫోమ్ ఉంటే పైపు కదలడానికి చోటు దొరుకుతుంది.

పైపుపని_గోదావరిఖని
నిలువు గాడికైతే సరే సార్, 6 ఎంఎం పెట్టొచ్చు. అడ్డం పైపు మాత్రం గోడలో వద్దు, తొమ్మిదించీల గోడ వైపు తిప్పండి, లేదా పైపుల కోసం వదిలిన షాఫ్ట్‌లోంచి దింపండి. ఫోమ్ అతుకుల మీద మామూలు కరెంటు టేపు చుట్టనివ్వకండి. టేపును మెత్తగా ఉంచే రసాయనాన్ని సీపీవీసీ పీల్చుకుని పగులుతుంది. మరలు తిప్పి బిగించే అతుకుల దగ్గర నూనె, జనపనార వద్దు, టెఫ్లాన్ టేపే. సోలార్ ట్యాంకు మూతి దగ్గర మొదటి మూడు నాలుగు అడుగులు జీఐ (జింకు పూత ఇనుప పైపు) వేయించండి. ఎండాకాలంలో వాడకుండా ఇల్లు తాళం వేసి ఊరెళితే అక్కడ నీళ్లు మరిగిపోతాయి. ఆ మూతి దగ్గర సీపీవీసీ మెత్తబడి వేలాడటం నేను చూశాను. అక్కడి నుంచి అడ్డంగా పోయే పైపుకు మూడు అడుగులకొక క్లాంపు ఉండాలి.

కరీంనగర్_కొత్తిల్లు
రేపే ప్లంబర్‌తో కూర్చుని షాఫ్ట్ దారి కొలుస్తాను. ప్రెషర్ టెస్ట్ ఫోమ్ చుట్టకముందా, చుట్టాకా?

పైపుపని_గోదావరిఖని
చుట్టకముందే. లీకు ఉంటే ఫోమ్ కింద కనపడదు. పంపు పెట్టి, రాత్రంతా వదిలి, పొద్దున గేజ్ ముల్లు దిగలేదని మీరే చూసుకున్నాక అప్పుడు చుట్టించండి.