మనిషి చనిపోయిన గది శుభ్రం చేయాలి: హైపో (సోడియం హైపోక్లోరైట్, క్రిములను చంపే క్లోరిన్ ద్రావణం) ఎంత కలపాలి, ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?

పటమట_క్లీనింగ్:
విజయవాడలో ఫ్లాట్ల డీప్ క్లీనింగ్ చేస్తాం. గుంటూరు బ్రాడీపేట నుంచి ఒక పని వచ్చింది. అద్దె పోర్షన్‌లో ఒంటరిగా ఉండే పెద్దాయన పోయిన మూడు రోజులకు గానీ తెలియలేదట. మంచం, దూది పరుపు అలాగే ఉన్నాయి, కింద నాపరాళ్ల గచ్చు. మా దగ్గర ఫినాయిల్, యాసిడ్, బ్లీచింగ్ ఉన్నాయి. ఇంకేం కావాలి? కుర్రాళ్లకు ఏమన్నా అంటుకుంటుందా?

వార్డు_డ్యూటీ:
ముందు ఆ యాసిడ్ డబ్బా బండిలోంచి దించేయండి. బ్లీచింగ్ తగిలిన చోట యాసిడ్ పడితే క్లోరిన్ గ్యాస్ వస్తుంది. మూసిన గదిలో అది చాలు ప్రాణం మీదికి రావడానికి. బాత్రూం కడిగే లిక్విడ్లలో చాలావాటిలో ఉండేదీ ఆ యాసిడే. మూత్రం మరకలున్న చోట కూడా ముందు మామూలు నీళ్లతో తుడిచాకే క్లోరిన్ వాడాలి.

పోలీసుల శవపంచనామా (క్రిమినల్ ప్రొసీజర్ చట్టం బీఎన్ఎస్ఎస్ 194 కింద) పూర్తయి, గది ఇంటాయనకు అప్పగించారని రూఢి చేసుకోకుండా తాళం ముట్టుకోవద్దు.

అంటుకునే సంగతి: భయం హెపటైటిస్ బి, సి, హెచ్ఐవీల గురించి. హెపటైటిస్ బి వైరస్ ఎండిన రక్తంలోనూ కనీసం ఏడు రోజులు బతుకుతుంది. దానికి టీకా ఉంది: మొదటిది వేశాక నెల రోజులకు రెండోది, ఆరో నెలలో మూడోది. వేయించుకోని కుర్రాణ్ణి లోపలికి పంపకండి. పెద్దాయనకు షుగర్ ఉంటే ఇన్సులిన్ సూదులు దిండు కింద, పరుపు మడతల్లో ఉండొచ్చు. చేత్తో తడమొద్దు, పట్టకారుతో తీసి గట్టి ప్లాస్టిక్ డబ్బాలో వేయండి. పొరపాటున గుచ్చుకుంటే పిండకూడదు. సబ్బునీళ్లతో కడిగి నేరుగా జీజీహెచ్ (ప్రభుత్వ పెద్దాసుపత్రి) క్యాజువాలిటీకి వెళ్లాలి. హెచ్ఐవీ రాకుండా ఇచ్చే మందులు రెండు గంటల్లో మొదలుపెడితే మంచిది, 72 గంటలు దాటితే లాభం లేదు.

ఒంటిమీదకి: కవరాల్ (ఒళ్లంతా కప్పే సూట్), గమ్‌బూట్లు, కళ్లకు గాగుల్స్, ఎన్95, లోపల నైట్రైల్ గ్లోవ్స్, పైన మందపాటి రబ్బరు గ్లోవ్స్. ఎన్95 తుంపరల్ని ఆపుతుంది, క్లోరిన్ ఘాటును ఆపదు. కళ్లు మండితే బయటికి వచ్చేయాలి, అంతే.

పటమట_క్లీనింగ్:
హైపో ఎంత కలపాలి? చిక్కగా పోస్తే తొందరగా అయిపోతుందా?

వార్డు_డ్యూటీ:
అవదు. రక్తం, కొవ్వు ఉన్నంతసేపు క్లోరిన్ వాటితోనే ఖర్చయిపోతుంది, క్రిముల దాకా చేరదు. అందుకే ముందు పీల్చి ఎత్తడం, తర్వాత సబ్బునీళ్లు, హైపో ఆఖరున. చల్లటి నీళ్లే వాడండి, వేడినీళ్లకు రక్తం గడ్డకట్టి రాతికి పట్టుకుంటుంది. పొడిగా ఊడ్చొద్దు. ప్రెషర్ పంపు అసలు వద్దు, తుంపరలు గోడలకూ మొహానికీ ఎగురుతాయి.

1 శాతం కావాలి: పది శాతం డ్రమ్ము అయితే లీటరుకు 9 లీటర్ల నీళ్లు. బ్లీచింగ్ పౌడరైతే 10 లీటర్లకు 330 గ్రాములు, తేరిన పైనీళ్లే వాడాలి. మన ఎండలకు రేకుల షెడ్డులో పెట్టిన డ్రమ్ము బలం త్వరగా తగ్గిపోతుంది, తయారీ తేదీ చూసి కొనండి, కలిపింది ఆ పూటకే. గచ్చు అరగంట తడిగా ఉండాలి. రోహిణి కార్తెలో పది నిమిషాలకే ఆరిపోతుంది కాబట్టి మళ్లీ మళ్లీ తడపాలి.

పరుపు మీద మాత్రం హైపో పోయకండి. అది భట్టీలో కాల్చేది, క్లోరిన్ కలిస్తే విషవాయువులు వస్తాయి. కోసి, రెండు వరుసల పసుపు కవర్లలో కట్టి, బయోమెడికల్ వ్యర్థాలు తీసుకెళ్లేవాళ్లకు ఇవ్వాలి. ముందే కార్పొరేషన్ శానిటరీ ఇన్‌స్పెక్టర్‌తో మాట్లాడుకోండి. చెత్తబండిలో వేస్తే రేపు ఆ కార్మికుడి చేతికే సూది దిగుతుంది.

గచ్చు_మేస్త్రీ:
నాపరాళ్లంటే అసలు పని అక్కడే. పైన ఎంత తోమినా రాళ్ల సందుల్లోంచి దిగిన ద్రవం కింద ఇసుకలో ఉండిపోతుంది, అదీ గచ్చు వాలు ఎటుంటే అటు పాకుతుంది. కడిగాక కిటికీలు ఒక రోజు మూసి, మళ్లీ తెరవగానే వంగి మూలమూలా వాసన చూడండి. వచ్చిన చోట రాయి లేపాల్సిందే. శుభ్రమైన ఇసుక కనిపించేదాకా పక్క రాళ్లూ లేపి, తడిసిన ఇసుక తీసేసి, కింద హైపో పట్టించి, బాగా ఆరాకే కొత్త మాలు వేసి పరవాలి. గోడ అంచున మరక ఉంటే ప్లాస్టరింగ్ మరక కంటే ఒక అడుగు పైదాకా చెక్కేయాలి. ఊరికే రంగు వేస్తే శ్రావణంలో చెమ్మకు వాసన తిరిగొస్తుంది. సాంబ్రాణి, అత్తరు వగైరా ఇంటాయన తృప్తికి.

మంచం లేపి చూడకుండా రేటు చెప్పకండి అన్నా. రాళ్లు లేపే పని వేరుగా రాయించుకోండి.

వార్డు_డ్యూటీ:
మేస్త్రీ గారు చెప్పింది నిజం. ఒకటి చేర్చాలి: కవరాల్‌లో ఈ ఎండకు ఇరవై నిమిషాలకు మించి ఉంచకండి. ఇద్దరు లోపల, ఒకరు శుభ్రమైన చేతులతో బయట, ఓఆర్ఎస్ పట్టుకుని. బయటికొచ్చేటప్పుడు పై గ్లోవ్స్ హైపోలో ముంచి తీయాలి, కవరాల్ లోపలివైపు బయటికొచ్చేలా చుట్టుకుంటూ దించాలి, తర్వాత లోపలి గ్లోవ్స్ తీసి చేతులు సబ్బుతో కడగాలి. గాగుల్స్, మాస్కు ఆఖరున, అవి కూడా వెనక తాడు పట్టుకుని. చాలామందికి మురికి అంటుకునేది పనిలో కాదు, చెమట తుడుచుకోవడానికి మాస్కు కిందికి లాగినప్పుడు.